గంటం కోసం ప్రయాణం

పిల్లలూ, ముందుగా ఒక పొడుపుకథ విప్పండి చూద్దాం.

ముక్కు వున్నది గాని వాసన చూడదు. సిరా అక్కర లేదు గాని వ్రాస్తుంది. తనకు ఒక్క అక్షరం రాదు గాని భారతమంతా వ్రాసింది. ఏమిటది?

కలం అంటారేమో, కాదు. పెన్సిలు అసలే కాదు. మా బడిలో నేను ప్రధానోపాధ్యాయుడుగా వున్న రోజుల్లో ఈ పొడుపుకథను ప్రతి సంవత్సరం అడిగేవాణ్ణి. ఒక్కరు కూడా విప్పలేదు. విప్పలేకపోవటం వాళ్ళ తప్పు కాదు. ఆ వస్తువును వాళ్ళు చూచి వుండరు. దాని పేరు గంటం. కాగితం రాకముందు మన పెద్దలు తాటాకు మీద వ్రాయటానికి వాడిన ఇనుప పనిముట్టు.

మొన్న కార్తీకమాసంలో నేను గంటం కోసం కోనసీమ అంతా తిరిగాను. ఆ కథ చెబుతాను, వినండి.

మా వూరు రాజోలు దగ్గర, వైనతేయ గట్టున. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి అనీ, వసిష్ఠ అనీ రెండు పాయలవుతుంది. వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ చీలుతుంది. ఈ పాయలకూ సముద్రానికీ మధ్య వున్న కొబ్బరితోటల దేశమే కోనసీమ. ఇది 2022 ఏప్రిల్‌లో అమలాపురం ముఖ్యపట్టణంగా వేరే జిల్లా అయింది.

ఆ రోజు మా మనవడు అటక మీది పాత సామాను దించుతూ, ఎర్రగుడ్డలో చుట్టిన ఒక కట్ట పట్టుకు వచ్చాడు.

"తాతయ్యా, ఇవి విసనకర్ర ముక్కలా?" అన్నాడు.

విప్పి చూచాను. మా తాతయ్యగారి తాటాకుల కట్ట! పైనా కిందా రెండు చెక్క పటకలు, మధ్య ముప్ఫై ఆకులు, అన్నిటినీ కలుపుతూ ఒక నూలుతాడు. మా ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా తాతయ్య ఒక ఆకు మీద పేరూ, తిథీ, వారమూ, నక్షత్రమూ వ్రాసి ఆ కట్టలో చేర్చేవారు. ఆయన కాలానికి కాగితాలు బాగా వచ్చేశాయి. అయినా పుట్టినరోజు మాత్రం తాటాకు మీదనే వ్రాయాలని ఆయన పట్టుదల. మా నాన్న ఆకు వున్నది, మా మేనత్తల ఆకులున్నాయి, నా ఆకూ వున్నది. చిట్టచివర ఒక ఆకు వున్నది. దాని అంచులు చక్కగా కోసి వున్నాయి, తాడు దూరటానికి చిల్లులు కూడా వున్నాయి. కాని దాని మీద ఒక్క అక్షరం లేదు.

"ఇది ఎవరిది?" అన్నాడు మనవడు.

"మా చెల్లాయిది," అన్నాను.

"మరి ఏమీ వ్రాయలేదేం?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ ఆకు ఖాళీగా వుండటానికి కారణం నేనే!

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. 1966వ సంవత్సరం. ఒక మధ్యాహ్నం "పాత ఇనుముకు జీళ్ళోయ్!" అని కేక వేసుకుంటూ ఒక మనిషి మా వీధిలోకి వచ్చాడు. ఇల్లంతా వెతికినా ఇనుపముక్క దొరకలేదు. తాతయ్య వ్రాతపెట్టె మీద గంటం కనిపించింది. జానెడు పొడవు వుండేది, తలకు ఇత్తడి పొన్ను. నేను ముందువెనుకలు ఆలోచించకుండా దాన్ని ఇచ్చి నాలుగు జీళ్ళు తిన్నాను. తాతయ్య వారం రోజులు గంటం కోసం వెతికారు. "నువ్వు చూచావా నాన్నా?" అని నన్ను కూడా అడిగారు. చూడలేదన్నాను. రెండు నెలలకు చెల్లాయి పుట్టింది. తాతయ్య ఆకు సిద్ధం చేశారు. "గంటం దొరకగానే వ్రాద్దాం," అని ఆకును కట్టలో పెట్టారు. గంటం దొరకలేదు. మరుసటి ఏడు తాతయ్య పోయారు.

ఇప్పుడు చెల్లాయికి అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. సంక్రాంతికి పుట్టింటికి వస్తానని కబురు చేసింది. ఈ పండుగలోగా దాని పేరు తాటాకు మీద ఎక్కించాలని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. దానికి ముందు గంటం కావాలి గదా!

మర్నాడు మనవణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కాను. పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన మీదుగా వైనతేయ దాటి అమలాపురం చేరాం. ఇనుపసామాను అంగడికి వెళ్ళి "గంటం వున్నదా?" అని అడిగితే, అంగడి కుర్రవాడు లోపలికి పోయి నాలుగు రకాల పూజ గంటలు తెచ్చి వరుసగా పెట్టాడు!

"గంట కాదయ్యా, గంటం. తాటాకు మీద వ్రాసేది."

"తాటాకు మీద వ్రాయటమెందుకు మేష్టారూ? పుస్తకాల అంగడి పక్కనే వున్నది," అన్నాడు వాడు.

మనవడు నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండో అంగడిలో సూదిమొన కంపాసు చూపించారు, మూడో అంగడిలో చెప్పులు కుట్టే ఆర చూపించారు. సాయంత్రానికి అమలాపురంలో గంటం దొరకదని తేలిపోయింది.

కొనటానికి దొరకకపోతే చేయించుకోవచ్చుననిపించింది. మర్నాడు అంబాజీపేట మీదుగా కొత్తపేట వెళ్ళాం. అంబాజీపేట కొబ్బరికి పెద్ద సంత. రోడ్డు పక్కన కొబ్బరికాయలు కొండల్లాగా పోసి వున్నాయి. కాయ వలిచే గునపాలూ, దింపుకత్తులూ చెయ్యటానికి ఈ సీమలో కమ్మరివాళ్ళకు ఇప్పటికీ చేతినిండా పని వుంటుంది. కొత్తపేట పక్కన ఒక కొలిమి దగ్గర ఆగి సంగతి చెప్పాను. ఆ కమ్మరి ముసలివాడు. "మా తాత చేశాడని విన్నాను గాని నేను చూడలేదండి," అంటూనే ఒక ఇనుపచువ్వను కాల్చి, సాగగొట్టి, కొసను ఆకురాయితో సూదిలాగా అరగదీసి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి ఒక తాటాకు మీద 'అ' వ్రాయబోయాను. మొన ఆకులో దిగబడి చీల్చేసింది. మెల్లిగా వ్రాస్తే గీతే పడలేదు. పది అక్షరాలు వ్రాసేసరికి మొన వంగిపోయింది. గంటం అంటే వాడిగా వున్న చువ్వ అని నేను అనుకున్నాను. అది పొరపాటు.

అసలు వ్రాత ఎలా వుంటుందో దగ్గరగా చూడాలని రాజమహేంద్రవరం బయలుదేరాను. ఈ వూళ్ళోనే 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోరిక మీద నన్నయ భారతాన్ని తెలుగు చెయ్యటం మొదలుపెట్టాడు. 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఇక్కడే వున్నది. అందులో తాళపత్ర గ్రంథాలున్నాయి. అక్కడ ఒక పండితుడు పరిచయమై, ఎన్నో విషయాలు చెప్పారు.

మన దేశంలో వ్రాతకు ముఖ్యంగా రెండు చెట్ల ఆకులు వాడారు. ఒకటి మన తాడిచెట్టు. రెండోది శ్రీతాళం. శ్రీతాళపు ఆకు వెడల్పుగా, పలచగా, మెత్తగా వుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ చెట్టు ఎన్నో ఏళ్ళు పెరిగి, జన్మలో ఒక్కసారే పూచి, కాయలు కాచి, చచ్చిపోతుంది. తాటాకు దానికంటె మందం. మన వైపు కాలవగట్ల మీద కావలసినంత దొరుకుతుంది.

"ఈ గీత చూడండి," అని పండితుడు ఒక భూతద్దం ఇచ్చారు. అక్షరం ఆకు మీద ఒక సన్నని కాలవలాగా వున్నది. ఆకు రెండో వైపుకు దిగలేదు. "గంటం ఆకును కొయ్యగూడదు, గీరాలి. చెయ్యి నొక్కగూడదు, గంటం బరువే నొక్కాలి," అన్నారాయన.

అప్పుడు ఆకును బల్ల మీద పెట్టి వ్రాసేవారు కాదట. ఎడమచేతిలో పట్టుకుని, గంటాన్ని ఎడమ బొటనవేలికి ఆనించి, కుడిచేత్తో నడిపేవారు. కొందరు ఎడమ బొటనవేలి గోరు పెంచి, గంటం ఆనటానికి అందులో చిన్న గాడి చేసుకునేవారు! ముందు వ్రాసినప్పుడు అక్షరాలు సరిగా కనిపించవు. దీపపు మసిని ఆకుపసరుతోనో, నూనెతోనో కలిపి ఆకు మీద పూసి గుడ్డతో తుడిస్తే, నున్నగా వున్నచోట మసి పోతుంది, గీత పడ్డచోట నిలిచిపోతుంది. అక్షరాలు నల్లగా పైకి తేలతాయి.

పిల్లలూ, మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? పండితులు చెప్పే కారణాలలో ఒకటి ఈ తాటాకే. ఆకులో ఈనెలు పొడుగునా సాగి వుంటాయి. వాటి వెంబడి తిన్నగా గీత గీస్తే ఆకు చీలిపోతుంది. గుండ్రంగా తిప్పితే చీలదు. మా మనవడు ఇంటికి వచ్చాక ఈ మాట నిజమో కాదో చూస్తానని, ఒక ఆకు మీద అడ్డగీతలూ, ఇంకొక ఆకు మీద సున్నలూ గీశాడు. అడ్డగీతల ఆకు మూడుచోట్ల చీలింది. సున్నల ఆకు బాగానే వున్నది.

ఎంత జాగ్రత్త చేసినా తాటాకును పురుగు తింటుంది, చెమ్మ తింటుంది. అందుకని పాత పుస్తకం చివికిపోకముందే ఎవరో ఒకరు కొత్త ఆకుల మీద మళ్ళీ వ్రాయాలి. అలా ఎన్ని తరాల వాళ్ళు ఎన్ని గంటాలు అరగదీస్తే నన్నయ మనదాకా వచ్చాడో గదా! 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ దొర (1798–1884) పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు వెతికించి, కాగితాల మీద ప్రతులు వ్రాయించాడు. ఆయన సేకరించినవి ఇప్పుడు చెన్నైలో, 1869లో ఏర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో వున్నాయి. కాగితమూ, అచ్చూ వాడుకలోకి వచ్చాక గంటానికి పని పోయింది. పనిలేని పనిముట్టును ఎవరు చేస్తారు, ఎవరు దాచుకుంటారు?

నేను మా ఇంటి ఖాళీ ఆకు సంగతి కూడా చెప్పాను. "ఆ పాత ఆకు మీద వ్రాయకండి. అది ఎండి పెళుసెక్కి వుంటుంది. గంటం తగిలితే విరుగుతుంది. కొత్త ఆకు తయారుచేసుకోండి," అన్నారు పండితుడు.

తిరిగి వచ్చేటప్పుడు మనవడికి సరదాగా వుంటుందని రామచంద్రపురం మీదుగా కోటిపల్లి వచ్చి, అక్కడ రేవులో పంటు ఎక్కాను. గౌతమి నిండుగా వున్నది. పంటు మీద మాతోపాటు మోటారు సైకిళ్ళూ, అరటిగెలలూ, ఒక లేగదూడా ఎక్కాయి. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. జయంతి రామయ్య పంతులుగారు పుట్టిన వూరు అది. ఆయన 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. తాళపత్ర గ్రంథాలను సేకరించటం, పరిష్కరించి అచ్చువెయ్యటం ఆ పరిషత్తు చేసిన గొప్ప పనుల్లో ఒకటి. ఈ సంగతి మనవడికి చెబుతూ వుంటే, పక్కనే అరటిగెల మీద చెయ్యి వేసుకుని నుంచున్న రైతు విన్నాడు.

"గంటమంటే, జానెడుంటుంది, ఇనుపది, నడుమ లావు, అదేనాండి?" అన్నాడు.

"అదే! నువ్వు చూచావా?"

"మా వీధిలో మామ్మగారు దాంతోనే కొబ్బరికాయ కన్ను పొడుస్తారండి."

రేవు దిగి నేరుగా ఆ ఇంటికి వెళ్ళాం. మామ్మగారికి తొంభై ఏళ్ళుంటాయి. వంటింటి గూట్లోంచి తీసి నా చేతిలో పెట్టింది. నా గుండె ఝల్లుమన్నది. ఇత్తడి పొన్ను లేదుగాని, అచ్చం మా తాతయ్య గంటం లాంటిదే. ఒక కొస వ్రాసే మొన, రెండో కొస ఆకు అంచులు కోసే చిన్న కత్తి. కత్తి అరిగిపోయింది. మొన మాత్రం గట్టిగా వున్నది.

"మా మామగారిది బాబూ. ఆయన పోయాక మూల పడివుంటే, నేను కొబ్బరికాయలకు పెట్టుకున్నాను. మూడు కళ్ళలో మెత్తనిదేదో ముక్కు ఆనిస్తే దానికే తెలిసిపోతుంది," అన్నది.

"మామ్మగారూ, దీన్ని నాకు ఇప్పిస్తారా? ఎంతైనా ఇస్తాను," అన్నాను.

మామ్మగారు గంటాన్ని మెల్లిగా నా చేతిలోంచి తీసుకున్నది. "నీకు ఇచ్చేస్తే రేపు పచ్చడికి కొబ్బరికాయ ఎలా కొట్టను? నేను పోయాక పట్టుకుపో. కావలిస్తే కొలుచుకో," అన్నది.

అడగగూడనిది అడిగానని నాకు సిగ్గువేసింది. తన చేతిలో పని చేస్తున్న పనిముట్టు అది. మాకు లేనిది మాకు కావాలి గాని, ఆవిడకు వున్నది పోగూడదు. మనవడు నోటుపుస్తకంలో గంటాన్ని పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాడు. దారంతో లావు కొలిచాడు. వాళ్ళ వీధి అంగడిలో తూకం కూడా వేశాం. మామ్మగారు మా ఇద్దరికీ చెరొక కొబ్బరిముక్కా, బెల్లంముక్కా పెట్టింది.

ఆ బొమ్మ పట్టుకుని మళ్ళీ కొత్తపేట కొలిమికి వెళ్ళాం. ముసలి కమ్మరి బొమ్మను తిప్పితిప్పి చూచాడు. "ఇదండీ సంగతి! బరువు నడుమన వున్నది. మొన సూది కాదు, వరిగింజ కొసలాగా వున్నది. దీనికి మామూలు చువ్వ పనికిరాదు," అని మూలనుంచి అరిగిపోయిన ఆకురాయి ఒకటి తీశాడు.

ఎందుకో తెలుసా? మామూలు ఇనుపచువ్వలో బొగ్గుపాలు, అంటే కార్బనం, చాలా తక్కువ. ఎంత కాల్చి నీళ్ళలో ముంచినా అది గట్టిపడదు. ఆకురాయి ఉక్కులో కార్బనం ఎక్కువ. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే అది గాజులాగా గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే గాజులాగానే పుటుక్కున విరుగుతుంది. అందుకని కమ్మరి దాన్ని మళ్ళీ సన్నని సెగ మీద పెట్టి, లోహం మీద లేతపసుపు రంగు రాగానే తీసేశాడు. అప్పుడు పెళుసుదనం తగ్గి, గట్టితనం మిగులుతుంది. ఈ లెక్క ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. కంటితో రంగు చూచి చెబుతాడు.

ఆకులు తయారుచెయ్యటం మా వంతు. మరీ లేతా, మరీ ముదురూ కాని తాటాకులు తెచ్చి, ఈనెలు తీసేసి, పసుపు వేసిన నీళ్ళలో ఉడకబెట్టాం. నీడలో ఆరబెట్టి, ఒంపులు పోవటానికి రుబ్బురోలు పొత్రం కింద వారం రోజులు వుంచాం. గవ్వతో రుద్ది నున్నచేశాం. ఆముదపు దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టి, గుంటగలగరాకు పసరుతో కలిపాం. మొదట వ్రాసిన ఆకులు ఎనిమిది పాడైపోయాయి. తొమ్మిదో ఆకు మీద మనవడు వ్రాసిన 'ఓం నమః' చక్కగా తేలింది. నాకంటె వాడి చేతికే గంటం ముందుగా లొంగింది.

భోగినాడు చెల్లాయి వచ్చింది. కట్ట విప్పి, దాని ముందు ఖాళీ ఆకు పెట్టి, అరవై ఏళ్ళనాటి సంగతంతా చెప్పాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అది. చెబుతూవుంటే నా గొంతు నాకే బడిపిల్లవాడి గొంతులాగా వినిపించింది. చెల్లాయి ఏమీ మాట్లాడకుండా ఆకును వేళ్ళతో తడిమింది.

"తాతయ్య నా కోసం చిల్లులు కూడా వేశాడన్నమాట," అన్నది చివరకు. "నా పేరు వ్రాయటం మరిచిపోయారనుకున్నాను. ఆడపిల్లనని వదిలేశారేమో అనుకున్నాను."

నేను తల వంచుకున్నాను. నేను తిన్న నాలుగు జీళ్ళ వల్ల ఒక మనిషి మనస్సులో ఇన్నేళ్ళపాటు ఈ మాట వుండిపోయిందని నాకు అంతవరకూ తెలియదు.

తరవాత చెల్లాయి నవ్వింది. "ఎన్ని జీళ్ళు ఇచ్చాడు?"

"నాలుగు."

"నేను పుట్టకముందే నా వాటా కూడా తినేశావన్నమాట! ఏదీ, ఆ గంటం ఇలా ఇయ్యి," అన్నది.

మనవడు పట్టుకునే పద్ధతి చూపించాడు. నాలుగక్షరాల పేరు వ్రాయటానికి దానికి అరగంట పట్టింది. రెండో అక్షరం కొంచెం పక్కకు ఒరిగింది. మసి పూసి తుడిచాం. ఆ ఆకును తాతయ్య సిద్ధం చేసిన ఖాళీ ఆకు పక్కనే తాడుకు ఎక్కించి, కట్ట బిగించాం.

పిల్లలూ, మీ ఇంటి అటక మీద కూడా తాటాకుల కట్ట వుండవచ్చు. కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి, బలవంతంగా విడదీయకండి. పెద్దవాళ్ళకు చెప్పి, తాళపత్రాలు వున్న గ్రంథాలయంలో చూపించండి. వాళ్ళు నిమ్మగడ్డినూనె వంటివి వాడి పురుగు పట్టకుండా జాగ్రత్త చేస్తారు. వంటింటి గూట్లో నడుమ లావుగా, కొస వాడిగా వుండే జానెడు ఇనుపముక్క కనబడితే మాత్రం, అది ఏమిటో మీ మామ్మగారిని అడగండి. అంతేగాని, జీళ్ళకు ఇచ్చెయ్యకండి!